సెల్లార్‌లో బాత్రూమ్: మురుగు పైకి ఎక్కేదెట్లా?

#1 సెల్లార్_తిప్పలు
హన్మకొండలో సొంతిల్లు, జీ ప్లస్ వన్. కింద సెల్లార్ ఉంది. గోడలకు ప్లాస్టరింగ్ లేదు, నేల ఉత్త కాంక్రీటు. సగం బండ్లకు వదిలేసినం, మిగతా సగంల మా ఇంట్లోవాళ్ల మగ్గం పని నడుస్తది. రోజూ నలుగురు ఆడవాళ్లు కూచుంటరు. బాత్రూమ్‌కు ప్రతిసారి మెట్లెక్కి ఇంట్లకు రావాల్సొస్తుంది. అందుకే కిందనే 5×8 అడుగుల బాత్రూమ్ కట్టిద్దామని.

ఇద్దరు ప్లంబర్లను పిలిస్తే మూడు మాటలు చెప్పిన్రు. ఒకాయన నేల పగలగొట్టి నాలుగంగుళాల పైపు వేసి ముందున్న సెప్టిక్ ట్యాంకుల కలుపుత, రెండు రోజుల పని అన్నడు. రెండో ఆయన మోటరు లేకుంటే కాదన్నడు. మళ్ల ఆయనే ఇంటికి పోయినంక ఫోన్ చేసి, మోటర్లు ఊకె కరాబైతయి, అసలు కట్టకున్రి అన్నడు. మా వీధిల భూగర్భ డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగిన నీళ్లు మోరీలకు పోతయి. ఎవరి మాట వినాలె?

#2 లెవెల్_గొట్టం
ఎవరి మాటా వద్దు, ముందు లెవెల్ చూడండి. 40 అడుగుల సన్న పారదర్శక గొట్టం తీసుకుని గాలి బుడగ లేకుండా నీళ్లు నింపండి. ఒక కొస సెప్టిక్ ట్యాంకు దగ్గర, ఇంకో కొస సెల్లార్‌లోకి వెంటిలేటర్ గుండా దించి గోడ మీద ఒకే మట్టానికి గీత కొట్టండి. ఆ గీత నుంచి రెండు కొలతలు: ట్యాంకులోకి దిగే పైపు అడుగు ఎంత కిందుంది, సెల్లార్ నేల ఎంత కిందుంది. పైపు పైభాగం కాదు, అడుగు. చాలామంది ఇక్కడే నాలుగంగుళాలు తప్పుతారు.

#3 ఓరుగల్లు_పోరడు
ఇద్దరు ప్లంబర్లు మూడు మాటలే చెప్పిన్రంటే నువ్వు అదృష్టవంతునివి అన్నా.

#4 సెల్లార్_తిప్పలు
కొలిచిన. రోడ్డు మట్టాన్ని సున్నా అనుకుంటే ట్యాంకులకు పోయే పైపు అడుగు 18 అంగుళాల కింద ఉంది. సెల్లార్ నేల 72 అంగుళాల కింద. బాత్రూమ్ అనుకున్న మూల నుంచి ట్యాంకు దాకా 30 అడుగులు.

#5 లెవెల్_గొట్టం
అయితే మొదటి ప్లంబర్ కథ ఇక్కడితో సరి. నేలే ట్యాంకు పైపు కంటే 54 అంగుళాలు కిందుంది. నాలుగంగుళాల పైపుకు 1:40 వాలు కావాలి, అంటే 10 అడుగులకు 3 అంగుళాలు, 30 అడుగులకు 9. వాసన ఆపే నీళ్ల వంపుకు, అంటే కమోడ్ ట్రాప్‌కు నేల కింద ఇంకో అడుగు. మొత్తం కలిపితే 75 అంగుళాలు, ఆరుంబావు అడుగుల తేడా. మురుగు అంత ఎత్తు తనంతట తాను ఎక్కదు. ఆయన రెండు రోజుల్లో వేసేది పైపే, కానీ ట్యాంకులో ఉన్నదంతా మీ సెల్లార్‌లోకి దిగే పైపు.

రెండో ఆయన మొదటి మాటే నిజం. మోటరు కావాలి.

#6 నయీంనగర్_మేస్త్రి
మోటరు ఉండాలె గని మలం ఎత్తే మోటరెందుకు? సెల్లార్లనే చిన్న సెప్టిక్ ట్యాంకు కట్టున్రి. గట్టిది అడుగున కూసుంటది. పైన తేరిన నీళ్లను మామూలు సబ్‌మెర్సిబుల్‌తోని మోరీలకు కొట్టున్రి. పంపు జామయ్యే ముచ్చటే లేదు.

#7 సైట్_ఇంజనీర్_కరీంనగర్
పంపు వరకు చూస్తే మేస్త్రి చెప్పింది బాగుంది, ఇంటి వరకు చూస్తే బాగాలేదు. సెప్టిక్ ట్యాంకులో మురుగు రోజులకొద్దీ కుళ్లుతుంది. అందులో పుట్టే మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ మూత సందుల్లోంచి వస్తే సెల్లార్‌లోనే నిలుస్తాయి, ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు. పక్కనే నలుగురు కూర్చుని పని చేస్తున్నారు. ఇక పరిమాణం: సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 లెక్కన 5 మందికే ఒకటిన్నర మీటరు పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు నీటి లోతు. అంత గుంత కాలమ్‌ల మధ్య తవ్వాలంటే కాలమ్ పునాది (ఫుటింగ్) తగులుతుంది. పైగా ఆ తేరిన నీళ్లు కూడా మురుగే, నేరుగా మోరీలోకి కొట్టడం తప్పు.

చిన్న గుంత, అందులో మురుగు గంటల కన్నా ఎక్కువ నిలవకుండా పంపు. అంతకుమించి సెల్లార్‌లో ఏమీ వద్దు.

#8 నయీంనగర్_మేస్త్రి
గ్యాసు ముచ్చట ఒప్పుకుంటున్న. కాని గంటలల్ల పోతదంటున్నరు, కరెంటు పోతే?

#9 పైపుల_పిచ్చి
కరెంటు సంగతి తర్వాత, ముందు గుంత. కొలతలు రాసుకోండి.

లోపలి కొలత 90×90 సెంటీమీటర్లు, లోతు 120. గోడలు, అడుగు 15 సెంటీమీటర్ల ఆర్‌సీసీ. 10 ఎంఎం సలాక ఆరంగుళాలకు ఒకటి, అడ్డం నిలువు. ఇటుకతో కట్టి సిమెంటు పూస్తామంటే ఒప్పుకోకండి, వానాకాలం బయటి నీళ్లు లోపలికి, ఎండాకాలం లోపలి మురుగు బయటికి ఊరుతుంది. అడుగు మూలలకు 45 డిగ్రీల వాలు పోసి అంతా పంపు కాళ్ల దగ్గరికి జారేలా చేయాలి. లేకుంటే ఆ నాలుగు మూలల్లో బురద గడ్డకడుతుంది, ఫ్లోట్ (నీళ్ల మట్టాన్ని బట్టి పంపును నడిపే తేలే స్విచ్) దాని మీద కూర్చుంటుంది.

ఫ్లోట్ మట్టాలు అడుగు నుంచి: పంపు ఆగేది 30 సెంటీమీటర్ల దగ్గర, మొదలయ్యేది 60 దగ్గర, అలారం 75. బాత్రూమ్ పైపు లోపలికి వచ్చేది 100 దగ్గర.

పంపు నుంచి పైకి వరస: పంపు, యూనియన్ (విప్పగలిగే జాయింటు), ఎన్నార్వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వ్), ఆ పైన బాల్ వాల్వ్. ఎన్నార్వీ బాల్ రకం తీసుకోండి, రెక్క రకంలో గుడ్డముక్క ఇరుక్కుంటే మూసుకోదు. వీటిని గుంతలో పెట్టకండి. సెల్లార్ గోడ మీద మూడడుగుల ఎత్తున, కళ్ల ముందు. విప్పాల్సి వచ్చినప్పుడు పై పైపులో నిలిచినదంతా మీద పడకుండా బాల్ వాల్వ్ కింద ఒక అరంగుళం డ్రెయిన్ కాక్ పెట్టి గుంతలోకి వదలండి. గుంత లోపల, ఎన్నార్వీకి కిందుండే పైపుకు 5 ఎంఎం రంధ్రం ఒకటి కొట్టాలి. అది లేకుంటే పంపు గాలి పట్టి తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు ఎక్కవు. ఆ రంధ్రంలోంచి చిమ్మేది గుంతలోకే చూడాలి, మూత వైపు కాదు.

పంపుకు స్టీలు గొలుసు. బాగు చేయాలంటే యూనియన్ విప్పి గొలుసుతో పైకి లాగాలి. మనిషి లోపలికి దిగడం అనే మాటే రావద్దు. 4 అడుగుల గుంతే కదా అనుకుంటారు, వంగి తల పెట్టినా చాలు, ఆ గ్యాసు మనిషిని పడేస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

#10 కాజీపేట_జంక్షన్
ఇంత సలాక, కాంక్రీటు ఎందుకు? 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పాతిపెడితే ఒక్క పూటలో అయిపోతుంది కదా.

#11 సైట్_ఇంజనీర్_కరీంనగర్
తేలుతుంది. 500 లీటర్ల ట్యాంకు బరువు పదిహేను, ఇరవై కిలోలు. చుట్టూ భూగర్భ నీళ్లు నేల దాకా వస్తే దాన్ని పైకి నెట్టే బలం 500 కిలోలు. పంపు ఖాళీ చేసిన వెంటనే మూతతో, టైల్స్‌తో సహా లేస్తుంది.

#9లో చెప్పిన గుంతకు లెక్క చేయండి. బయటి కొలత 1.2×1.2 మీటర్లు, ఎత్తు అడుగు కాంక్రీటుతో కలిపి 1.35. అంటే 1.94 ఘనపు మీటర్లు, కాబట్టి పైకి నెట్టే బలం 1940 కిలోలు. లోపలి ఖాళీ 0.97 తీసేస్తే కాంక్రీటు కూడా 0.97 ఘనపు మీటర్లే, దాని బరువు 2400 కిలోలు దాటుతుంది. ఒకటింబావు రెట్లు. అందుకే ఆ 15 సెంటీమీటర్ల గోడ. 10కి తగ్గిస్తే బరువు నెట్టే బలం కన్నా తక్కువకు పడిపోతుంది. 1:1.5:3 పాళ్లలో ఎనిమిది బస్తాల సిమెంటు పడుతుంది, అంతే.

#12 ఓరుగల్లు_పోరడు
అంటే ప్లాస్టిక్ ట్యాంకు పెడితే వానాకాలం సెల్లార్ల పడవ. టికెట్ పెట్టొచ్చు.

#13 సెల్లార్_తిప్పలు
షాపుల కటర్ పంపు అని చూపెట్టిన్రు. 1 హెచ్‌పీ, బ్లేడ్లు ఉంటయట, ఏదొచ్చినా నూరి పంపుతదట. అదే తీసుకోనా?

#14 పైపుల_పిచ్చి
తీసుకోవచ్చు. నూరినాక రెండంగుళాల పైపులో ఇబ్బంది లేకుండా పోతుంది.

#15 సూది_దారం
ఒక్క నిమిషం. అక్కడ నడిచేది మగ్గం పని అని పోస్టులోనే రాసున్నది, ఎవరూ పట్టించుకోలే. మగ్గం కింద సాయంత్రం ఊడ్చి చూడండి: పట్టుదారం కొసలు, జరీ తీగ ముక్కలు, గింజంత పూసలు, కుందన్లు, జిగురు మరకల గుడ్డపీలికలు. నేల తుడిచిన బకెట్ నీళ్లు ఎక్కడ పోస్తరు? బాత్రూమ్ జాలీలనే. నీళ్లతోపాటు అన్నీ అందులకే. జరీ తీగ లోహం, దారం లెక్క తెగదు. ఆడవాళ్ల పొడుగు వెంట్రుకలు సరేసరి.

#16 పైపుల_పిచ్చి
అక్క చెప్పింది నిజం, నేను తొందరపడ్డాను. కటర్ బ్లేడు సందులో సన్న తీగ చుట్టుకుంటే రెండు మూడు వారాల్లో కట్టలా తయారవుతుంది. ముందు మోటరు ఆంపియర్లు పెరుగుతాయి, తర్వాత ఓవర్‌లోడ్ పడుతుంది. పూసలు బ్లేడు అంచును పాడుచేస్తాయి.

ఇక్కడ వోర్టెక్స్ ఇంపెల్లర్ పంపు నయం. అందులో చక్రం పక్కకు, లోపలికి ఉంటుంది. సుడి పుట్టించి నీళ్లను తోస్తుంది, మురుగులో ఎక్కువ భాగం చక్రాన్ని తాకకుండానే పోతుంది. కరెంటు కొంచెం ఎక్కువ తాగుతుంది కానీ దారం చుట్టుకోవడం బాగా తక్కువ. 35 ఎంఎం గట్టిముక్క పోయేది, రెండంగుళాల ఔట్‌లెట్ ఉన్నది అడగండి. పోయే ముక్క కంటే డెలివరీ పైపు సన్నగా ఉండొద్దు.

#17 లెవెల్_గొట్టం
కటర్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది, అది పంపులో కాదు, ట్యాంకులో. ఇది నేరుగా సెప్టిక్ ట్యాంకులోకి పోతోంది. గట్టిది నీళ్ల అడుక్కు చేరడమే సెప్టిక్ ట్యాంకు పని. మెత్తగా నూరి పంపితే అది అడుక్కు చేరదు, అట్లనే మోరీలోకి పోతుంది.

ఇంకోటి. #9లో ఫ్లోట్ 30 నుంచి 60 అన్నారు. 90×90 గుంతలో 30 సెంటీమీటర్లంటే 243 లీటర్లు. పది మంది వాడే ట్యాంకే 1800 లీటర్లు ఉంటుంది, అందులోకి ఒక్కసారి 243 లీటర్లు మోటరు వేగంతో కొడితే కూర్చున్న బురదంతా లేస్తుంది. ఫ్లోట్ సందు 10 సెంటీమీటర్లకు తగ్గించండి. ఆగేది 30, మొదలయ్యేది 40. ఒక్కసారికి 80 లీటర్లు.

#18 పైపుల_పిచ్చి
80కి తగ్గిస్తే మోటరు మాటిమాటికి మొదలవదా?

#19 లెవెల్_గొట్టం
నలుగురు, పనిచోట మనిషికి రోజుకు 45 లీటర్లు అనుకుంటే 180 లీటర్లు. రోజుకు రెండు మూడు సార్లు. మోటరుకు అది లెక్కే కాదు. డెలివరీ పైపు మొత్తం 12 మీటర్లు అనుకుందాం, రెండంగుళాల పైపులో మీటరుకు రెండు లీటర్ల చిల్లర పడుతుంది, అంటే 26 లీటర్లు. 80 కొడితే పైపులో ఉన్న పాతదంతా మూడు సార్లు మారిపోతుంది. అది కావాలి మనకు.

పైపు చివర నేరుగా ట్యాంకులో పెట్టకండి. ట్యాంకు ముందు 2×2 అడుగుల చాంబర్ కట్టి అందులో వదలండి. అక్కడ వేగం చచ్చి నాలుగంగుళాల పైపులో మెల్లగా ట్యాంకులోకి పోవాలి. పైపు మూతి చాంబర్ నీళ్లలో మునగొద్దు. మునిగితే, ఎన్నార్వీ కొంచెం కారినా చాలు, సైఫన్ పట్టి చాంబర్‌లోది గుంతలోకి తిరిగొస్తుంది.

#20 సెల్లార్_తిప్పలు
పంపు హెడ్ (నీళ్లను ఎత్తే ఎత్తు) ఎంత అడగాలె? షాపాయన డబ్బా మీద 12 మీటర్లని చూపెట్టిండు.

#21 పైపుల_పిచ్చి
డబ్బా మీద రాసేది గరిష్ఠ హెడ్, అంటే చుక్క నీరు కూడా రాని ఎత్తు. దాన్ని చూసి కొనొద్దు. మీకు పంపు ఆగే మట్టం రోడ్డుకు 9 అడుగుల కింద. పైప్ పైవంపు రోడ్డుకు అడుగు పైన. కలిపితే 10 అడుగులు, 3 మీటర్లు. వంపులు, వాల్వ్‌ల రాపిడికి ఇంకో మీటరు. 5 మీటర్ల దగ్గర నిమిషానికి 100 లీటర్లకు తగ్గనిది కావాలని అడిగి పట్టిక చూపించమనండి. పైపు రెండంగుళాల షెడ్యూల్ 40. 100 లీటర్లకు అందులో వేగం సెకనుకు 75 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది, అంతకన్నా బాగా తగ్గితే గట్టిది పైపులోనే కూర్చుంటుంది.

#22 కాజీపేట_జంక్షన్
పైవంపు రోడ్డుకు పైన ఎందుకు? నేరుగా 18 అంగుళాల కిందున్న పైపుకే కలపొచ్చు కదా, హెడ్ కూడా తగ్గుతుంది.

#23 సైట్_ఇంజనీర్_కరీంనగర్
2020 ఆగస్టు, 2023 జులై గుర్తు తెచ్చుకోండి. హన్మకొండ, వరంగల్ కాలనీల్లో రోడ్లే మోరీలయ్యాయి. అప్పుడు సెప్టిక్ ట్యాంకులోది బయటికి పోదు, బయటిదే లోపలికొస్తుంది. మీ పైపు రోడ్డు కిందనే ఉంటే, మధ్యలో ఉన్నది ఆ ఒక్క ఎన్నార్వీ. అందులో ఒక్క పూస ఇరుక్కుంటే చాలు, వీధి వరద మొత్తానికి దారి మీ సెల్లారే. పైపును పైకెక్కించి వంచి దించితే, వంపు కన్నా ఎత్తుకు నీళ్లు వచ్చేదాకా భయం లేదు.

మీ వీధిలో 2023లో నీళ్లెంత వచ్చాయి?

#24 సెల్లార్_తిప్పలు
గేటు దగ్గర మోకాలి లోతు. ర్యాంపు ముందు గడ్డ ఎత్తుగ ఉండబట్టి సెల్లార్లకు రాలే.

#25 సైట్_ఇంజనీర్_కరీంనగర్
అయితే అడుగు చాలదు. వంపును రోడ్డుకు మూడడుగుల పైన, గ్రౌండ్ ఫ్లోర్ కిటికీ కింద గోడకు బిగించండి. హెడ్ రెండడుగులు పెరుగుతుంది, #21లో చెప్పిన 5 మీటర్లలోనే పడుతుంది.

#26 కరెంటు_పని
పంపుకు విడిగా లైన్ తియ్యాలె. 2.5 చదరపు ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్), షాక్ కొట్టకుండ లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ. ఎర్త్ తప్పనిసరి. సాకెట్ నేల నుంచి ఐదడుగుల ఎత్తున. గుంతలోపల జాయింటు వద్దే వద్దు, పంపుతో వచ్చిన కేబుల్ పొట్టిగా ఉంటే పొడుగుది కొనున్రి, టేపు చుట్టి ముడెయ్యకున్రి. కేబుల్ మూత నుంచి బయటికొచ్చేకాడ గ్లాండ్ బిగించకుంటే వాసన మొత్తం ఆ రంధ్రం నుంచే వస్తది.

అలారం ఫ్లోట్‌కు వేరే లైన్. పంపు ఎంసీబీ పడిపోతే అలారం కూడా చచ్చిపోవద్దు కద. బెల్లు కింద కాదు, పైన వంటింట్ల.

#27 నయీంనగర్_మేస్త్రి
నా ప్రశ్న అట్లనే ఉంది. కరెంటు పోతే? ఇన్వర్టర్ మీద వెయ్యొచ్చా?

#28 కరెంటు_పని
ఇంట్ల ఫ్యాన్లు, లైట్లకు పెట్టుకునే ఇన్వర్టర్ ఎత్తదు. మోటరు మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకు ఐదారు రెట్లు గుంజుతది.

#29 లెవెల్_గొట్టం
అవసరం కూడా లేదు మేస్త్రీ. పంపు మొదలయ్యేది 40 దగ్గర, పైపు వచ్చేది 100 దగ్గర. మధ్యలో 60 సెంటీమీటర్లంటే 480 లీటర్లు. రోజుకు 180 వాడితే రెండు రోజుల పైన ఆగుతుంది. గుంత లోతు 120 అన్నది అందుకే, ఊరికే కాదు.

#30 జీవో_పుస్తకం
మీరంతా పైపులు లెక్కపెడుతున్నారు, సెల్లార్ ఎందుకు ఇచ్చారో ఎవరూ అడగరు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168 ప్రకారం సెల్లార్ పార్కింగ్‌కే. జనరేటర్, ఏసీ ప్లాంటు, లాండ్రీ లాంటి అవసరాలకు పది శాతం వరకు వాడుకోవచ్చు, మనుషులు నివసించడానికి కాదు. పని గది అంటే అధికారులు అభ్యంతరం పెట్టొచ్చు. గోడ కట్టే ముందు మంజూరు ప్లాను తీసి టౌన్ ప్లానింగ్ వాళ్లను అడగండి. టైల్స్ వేశాక నోటీసు వస్తే బాధ ఎక్కువ.

#31 సెల్లార్_తిప్పలు
మంచిగ గుర్తు చేసిన్రు. ప్లాను కాపీ తీసుకుని సోమవారం కార్పొరేషన్ ఆఫీసుకు పోత.

#32 ఓరుగల్లు_పోరడు
వాస్తు మాట ఇంకా ఎవ్వరు తియ్యలేదేంది? 32 పోస్టులు! రికార్డు.

#33 నయీంనగర్_మేస్త్రి
నువ్వు తీసినవు కద, ఇగ వస్తరు.

#34 సూది_దారం
5×8 దేనికసలు? పనికొచ్చేటోళ్లు అక్కడ స్నానం చేస్తరా? కమోడ్, చేతులు కడుక్కునే బేసిన్ చాలు. 4×6 ధారాళంగ సరిపోతది. షవర్, గీజర్ తీసేస్తే సగం నీళ్లు తగ్గుతయి. మూతున్న చెత్తబుట్ట కమోడ్ పక్కనే, చెయ్యందేంత దూరంల. ప్యాడ్లు ఏ పంపుకూ పనికిరావు, వోర్టెక్స్ గాని ఇంకోటి గాని. "వేయరాదు" అని బోర్డు పెడితే సరిపోదు, బుట్ట దగ్గరుంటేనే బుట్టల వేస్తరు. తుడిచిన నీళ్లకు విడిగా బయట ఒక బకెట్ పెట్టి, మీద చాయ్ వడగట్టే జాలి లాంటి స్టీలు జాలి. పూసలు అందుల ఆగుతయి, మళ్ల వాడుకోవచ్చు కూడా.

#35 పైపుల_పిచ్చి
4×6 అయితే ఇంకో లాభం. పైపు నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కమోడ్ కాకుండా పీ ట్రాప్ తీసుకోండి. దాని పైపు వెనక గోడలోకి, నేల నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తున పోతుంది. గోడ అవతల నేల మీదనే 1:40 వాలుతో గుంత దాకా తీసుకెళ్లి గుంత గోడ దగ్గర ఒక వంపుతో కిందికి దించండి. కాంక్రీటు నేలను పొడుగునా కోయక్కర్లేదు. కోసేది గుంతకు ఒక చదరం, నేల జాలీ పైపుకు ఒక చిన్న కాలువ. ఇండియన్ సీటు కావాలంటే మాత్రం కింద అడుగున్నర లోతు కావాలి. అప్పుడు బాత్రూమ్ నేలనే మూడు మెట్లు లేపాలి.

#36 సెల్లార్_తిప్పలు
మూడు మెట్లెక్కించేకాడికి ఇంట్లకే పంపొచ్చు. వెస్టర్నే.

#37 నయీంనగర్_మేస్త్రి
నేల పని నేను చెప్త. జాలీ దిక్కు నాలుగడుగులకు అర అంగుళం పైన వాలు. గోడ, నేల కలిసే మూలకు గుండ్రంగ మాలు తిప్పి అది ఆరినంక రెండు భాగాలు కలిపే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు సార్లు, ఒకటి అడ్డం ఒకటి నిలువు. గోడ మీదికి అడుగు ఎక్కియ్యాలె. జాలీ బొంద కట్టి రెండు రోజులు నీళ్లు నిలపాలె. గుంతకు కూడా అంతే: నిండ నీళ్లు పోసి గోడ మీద పెన్సిల్ గీత, రెండు రోజులకు చూడాలె. గీత దిగితే పంపు దించకున్రి, ముందు కారేకాడ చూడున్రి.

సెల్లార్ బయటి గోడ చెమ్మ పడుతుంటే దానికి ఆనించి బాత్రూమ్ గోడ కట్టొద్దు. రెండంగుళాల సందు విడువున్రి. లేకుంటే రేపు చెమ్మ వచ్చినప్పుడు అది వాననా, పైపా అనేది ఎవ్వనికి తెల్వది.

#38 సైట్_ఇంజనీర్_కరీంనగర్
మేస్త్రి చివరి మాట బంగారం. రెండు చేరుస్తాను. కాలమ్ నుంచి గుంత కనీసం 4 అడుగుల దూరం, లోతు ఫుటింగ్ అడుగుభాగం కన్నా కిందికి పోవద్దు. మీ సెల్లార్ నేల సలాక లేని ఉత్త కాంక్రీటా (పీసీసీ), లేక ఇల్లంతా మోసేలా సలాకతో పోసిన పునాది పలకా (రాఫ్ట్) చూడండి. రాఫ్ట్ అయితే నేల కోసే ముందు డిజైన్ చేసిన ఇంజనీరుకు చూపించాల్సిందే, ఇక్కడ ఎవరు ఏం చెప్పినా సరే.

మంచినీళ్ల సంపు ఎక్కడుంది?

#39 సెల్లార్_తిప్పలు
ర్యాంపు పక్కన, బాత్రూమ్ అనుకున్న మూలకు ఆరడుగులు.

#40 సైట్_ఇంజనీర్_కరీంనగర్
ఆ మూల వదిలేయండి. సంపు గోడకు సన్న పగులు ఉన్నా, సంపు ఖాళీ అయినప్పుడు చుట్టుపక్కల తడి లోపలికి ఊరుతుంది. ఎదురు మూలకు మార్చండి. పైపు పది అడుగులు పెరిగితే పెరగనీ, పంపుకు అదేం బరువు కాదు.

#41 పైపుల_పిచ్చి
వాసన మాట ఒక్కటి మిగిలింది. గుంతకు మూడంగుళాల వెంట్ పైపు మిద్దె మీదికి, పిట్టగోడకు రెండడుగుల పైన. వాన నీళ్ల పైపులో కలపొద్దు. మూత రబ్బరు వాసరు ఉన్న రెండు పొరలది. బాత్రూమ్ ఫ్యాన్ వెంటిలేటర్ దగ్గరే పెట్టండి, తలుపు కింద అరంగుళం సందు వదలండి, గాలి రావడానికి దారి లేకుంటే ఫ్యాన్ జాలీ ట్రాప్ నీళ్లనే గుంజుతుంది. పండుగకు పది రోజులు పని ఆపితే వచ్చేముందు జాలీలో మగ్గు నీళ్లు పోయండి.

#42 సెల్లార్_తిప్పలు
ఎదురు మూలకు నిన్న అడుగున్నర వెడల్పుతో ఒక గుంత తీసి చూసినం. ఐదంగుళాల కాంక్రీటు, సలాక లేదు. కింద మొరం. మూడడుగుల దగ్గర చెమ్మ తగిలింది, నాలుగడుగుల దాకా తీసి ఆపినం.

#43 లెవెల్_గొట్టం
రాత్రంతా అట్లనే వదిలి పొద్దున కొలవండి.

#44 సెల్లార్_తిప్పలు
పొద్దున 7 గంటలకు చూసిన. అడుగున 9 అంగుళాల నీళ్లు.

#45 సైట్_ఇంజనీర్_కరీంనగర్
అంటే నీళ్ల మట్టం మూడడుగుల మూడంగుళాల దగ్గర ఉంది. ఇప్పుడు కాంక్రీటు పోస్తే అడుగున సిమెంటు కొట్టుకుపోతుంది. ఏప్రిల్ దాకా ఆగండి, ఈలోపు వారానికోసారి కొలిచి ఇక్కడ రాయండి.

#46 నయీంనగర్_మేస్త్రి
ఆ గుంత మీద మందం చెక్క వెయ్యున్రి. చీకట్ల బండి చక్రం దిగుతది.